చేపల మెట్లకు ముందు తవ్విన గుంటలు

చేపలకు మెట్లు కట్టాలన్న కాగితం మా సమితి ఆఫీసుకు వచ్చిన రోజున నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే. హెడ్ గుమాస్తా దాన్ని పైకి చదివి, "మెట్లతో పాటు పట్టుకుని ఎక్కడానికి రెయిలింగు కూడా పెట్టమందామా?" అన్నాడు. అలాంటివి వేరే దేశాల్లో ఆనకట్టల పక్కన కడతారనీ, నీళ్ళు ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి దూకుతూ వస్తుంటే చేపలు ఒక్కో తొట్టీ ఎగిరి పైకి పోతాయనీ నేను చెప్పాను. శాఖా గ్రంథాలయానికి వచ్చే ఒక పత్రికలో బొమ్మతో సహా చూశాను. తరవాత వచ్చిన ప్లానులో నా మాట నిజమేనని తేలింది. ఆ విధంగా ఆ ఫైలు నా బల్ల మీదికి చేరింది.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్త రోజులవి. నేను నూజివీడులో చిన్న గుమాస్తాని. ఎస్సెల్సీ రెండోసారికి గట్టెక్కాను. మా నాన్న కుట్టుమిషను మీద అంతవరకు చదివించడమే ఎక్కువ, కాలేజీ మాట ఎవరూ ఎత్తలేదు. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే అయింది. ఆఫీసు మూయగానే అక్కడికి వెళ్ళి, వాళ్ళు తలుపులు వేసేదాకా కూర్చునేవాణ్ణి. చరిత్ర బీరువాలో పుస్తకాలు వరసగా చదివాను, అర్థమైనవీ కానివీ కూడా. మన జిల్లాలో బౌద్ధుల కాలంనాటి దిబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఆ కాలపు ఇటుక ఎంత పొడుగుండేదో, పూర్వం చనిపోయినవారి అస్థికలు కుండల్లో పెట్టి ఎలా పాతేవారో నాకు కంఠతా వచ్చు. అవి చెప్పమని అడిగేవాళ్ళే ఉండేవారు కాదు.

మెట్లు కట్టాల్సిన చోటు ఆగిరిపల్లి అవతల, మామిడి తోటల మధ్య ఒక చెరువు. వేసవిలో అది అడుగంటా ఎండిపోతుంది. మంచి వానలు నాలుగు పడితే నిండి, మిగులు నీళ్ళు అలుగు మీదుగా కింది వాగులోకి పొర్లుతాయి. అలుగు అంటే చెరువు గట్టుకు ఒక చివర, నీళ్ళు పొర్లడానికి కట్టిన రాతి గోడ. పూర్వం ఆ గోడ ఏటవాలుగా ఉండేది. అది పారినప్పుడు వాగులోని బొచ్చెలూ జెల్లలూ వాలుగలూ ఎదురెక్కి చెరువులో చేరేవి. ఒక వరదకు గోడ కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టినప్పుడు నిటారుగా, మనిషి ఎత్తున కట్టారు. నీళ్ళు నిలిచాయి గాని చేపలు రావడం మానేశాయి.

ఆ చెరువు మీద బతికే జాలరి ఇళ్ళు ఏడు. వాళ్ళకు పెద్ద ఒక ముసలాయన. ప్రతి సోమవారం నడిచి ఆగిరిపల్లి వచ్చి, అక్కడ బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చేవాడు. వరండాలో గోడకానుకుని కూర్చుని, నేను తలెత్తేదాకా చూసేవాడు.

"సాంక్షనైంది బాబాయ్" అని నేను చెప్పిన రోజున కూడా ఆయన మొహంలో నవ్వు రాలేదు.

"ఎప్పుడు మొదలెడతారండీ?"

"తోట పక్కనుంచి కాలువ పోవాలి కదా. కొలతలు కాగానే."

"కాయల కోతొచ్చిందంటే కూలోళ్ళు దొరకరు. కోత అయ్యాక వానలొత్తయ్యి. అలుగు పారేటప్పుడు సిమెంటు పోత్తారా ఏంటి?"

"ఈ ఏడు ఎలాగైనా అవుతుంది."

"ఈ ఏడు కాపోతే మేం ఉండమండీ. మా అల్లుడు కొల్లేట్లో ఉన్నాడు, రమ్మంటన్నాడు. మా ఆడోళ్ళు తట్టల్లో చేపలు మోసినోళ్ళు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ తోటల్లో కాయలు మోత్తన్నారు. ఎన్నాళ్ళు మోత్తారు?"

ఉగాది వెళ్ళిన వారానికి ఓవర్సీరూ నేనూ కొలతలకు వెళ్ళాం. అలుగు గోడను ముట్టుకోకూడదు గనుక, దాని చివర నుంచి చుట్టు తిరిగి మెట్ల కాలువ రావాలి. ఆ చుట్టు తిరిగే చోట కొంచెం మెరక, దాని మీద మామిడి తోట. తోట రైతు రెండు చెట్లు వదులుకోవడానికి ఒప్పుకుని సంతకం పెట్టాడు. నేను టేపు చివర పట్టుకుని నిలబడ్డ చోట కాలికి ఏదో గుండ్రంగా తగిలింది. చేత్తో మట్టి గీకాను. కుండ మూతి. పక్కనే ఒక ఇటుక. ఇప్పటి ఇటుక కాదు, దాదాపు మోచేతి పొడుగుంది. ఇంకొంచెం దూరంలో ఇంకో కుండ మూతి.

ఇన్నేళ్ళు కాగితం మీద చదివింది కాళ్ళ కింద దొరికింది. ఓవర్సీరుతో చెప్పాను. "పాత కుండలండీ, ఎవరో పారేసుంటారు. టేపు బిగించి పట్టుకోండి" అన్నాడాయన.

ఆ వారమంతా కూర్చుని నాలుగు పేజీల నోటు రాశాను. ఇటుక కొలత, కుండల వరస, దగ్గర్లో ఉన్న పాత దిబ్బల సంగతి, అస్థికల కుండలు పాతే ఆచారం, అన్నీ అందులో పెట్టాను. రాసింది ఎవరూ పక్కన పడెయ్యకుండా తపాలు పుస్తకంలో ఎక్కించి, నంబరు వేసి మరీ బీడీవో గారి బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివి నన్ను పిలిచారు.

"ఏమయ్యా, ఇది నోటితో చెప్పకూడదూ?"

"వివరంగా ఉంటుందని రాశానండీ."

"వివరంగానే ఉంది. నంబరు కూడా వేశావు. రేపు అక్కడ గునపం వేశాక ఏదన్నా బయటపడితే, తెలిసి తెలిసి తవ్వించాడంటారు. ఇప్పుడు నేను చూడలేదని ఎలా చెప్పను?"

పని ఆగింది. పురావస్తు పనిలో చాలాకాలం చేసి రిటైరైన ఆయన ఒకరు బెజవాడలో ఉన్నారని ఎవరో చెబితే బీడీవో గారు ఉత్తరం రాశారు. కాలువ పోయే మేర అంతా పరిశీలించి రిపోర్టు ఇవ్వాలి, అదీ ఒప్పందం. పటాలు గీసే మనిషిని ఒకరిని వెంట తెచ్చుకుంటానని ఆయన జవాబు రాశారు. ఉత్తరాలు అటూ ఇటూ తిరిగేసరికి ఎండలు ముదిరాయి, చిన్నరసాల కోత మొదలైంది.

పని ఆగిన సంగతి జాలరి పెద్దాయనకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన విని, లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"చచ్చినోళ్ళ కుండల కోసం బతికున్నోళ్ళ కుండ బోర్లించారు గుమాస్తా గారూ" అని వెళ్ళిపోయాడు. తరవాతి సోమవారం రాలేదు.

బెజవాడ నుంచి వచ్చినవాళ్ళు ఆగిరిపల్లిలో బస్సు దిగారు. నేను బండి కట్టించుకుని వెళ్ళాను. రిటైరైన ఆయన సన్నగా, ఖాకీ నిక్కరుతో, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. పటాలు గీసే ఆయన కాగితాల గొట్టాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బండిలో కూర్చున్నాడు. దారి పొడుగునా నాకు తెలిసిందంతా చెప్పాను. రిటైరైన ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఇదంతా ఎక్కడ చదువుకున్నారు?"

"నూజివీడు లైబ్రరీలోనండీ."

"చాలా చదివారు. కుండ లోపల ఏముందో చూశారా?"

"లేదండీ. పైనుంచే చూశాను."

"మంచి పని చేశారు. కదపలేదు కదా, అదే చాలు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఊరి బడి వరండాలో వాళ్ళకు మంచాలు వేయించాను. సెలవులు గనుక బడి ఖాళీ.

మర్నాటి నుంచి పని మొదలైంది. కాలువ పోయే మేర మేకులు దిగ్గొట్టి, పురికొస కట్టి, గజం చదరపు గుంటలుగా గుర్తు పెట్టారు. పలుగూ పారా పైపొరకే. ఆ తరవాత తాపీతో గీకడం, కుంచెతో తుడవడం. దొరికిన ప్రతి ముక్కనూ గుడ్డ సంచిలో వేసి, ఏ గుంట, ఎంత లోతు అని చీటీ రాసి కట్టాలి. చీటీలు రాసే పని నాకు ఇచ్చారు. నా దస్తూరీ బాగుంటుంది. నేను ఒక్కో చీటీని ముత్యాల్లా రాశాను.

రెండో రోజున మొదటి కుండ పూర్తిగా బయటపడింది. పగలలేదు. లోపల మట్టి తప్ప ఏమీ లేదు. అడుగున బొటనవేలు పట్టేంత చిల్లి. రెండో కుండకూ అలాగే చిల్లి ఉంది. పూర్వపు సమాధుల్లో ఆత్మ వచ్చిపోవడానికి రంధ్రం వదిలేవారని నేను చదివాను. ఆ మాటే చెప్పాను.

"కావచ్చు" అన్నారు రిటైరైన ఆయన. ఆయన రెండు కుండల మధ్య దూరం కొలిపించి రాసుకున్నారు. ముప్పై అడుగులు.

మధ్యాహ్నం తోటలో కాయలు కోసే కూలీలు సద్ది తినడానికి నీడకు వచ్చారు. చిక్కాలు కట్టిన గడలు చెట్టుకు ఆనించి, కోసిన కాయల కుప్ప మీద ఎండుగడ్డి కప్పి, మా గుంటల పక్కనే కూర్చున్నారు. వాళ్ళలో నలభై అయిదేళ్ళ మనిషి ఒకావిడ, ముద్ద చేతిలో పట్టుకునే లేచి వచ్చి గుంటలోకి తొంగి చూసింది.

"ఏంటండీ బాబుగారూ, నీళ్ళ కుండని పురిటి బిడ్డని తుడిచినట్టు తుడుత్తన్నారు?"

రిటైరైన ఆయన తలెత్తేలోగా నేనే జవాబు చెప్పాను. "నీళ్ళ కుండ కాదమ్మా. వెనకటి కాలం వాళ్ళు అస్థికలు పెట్టి పాతిన కుండ."

"అస్థికలా! అడుగున చిల్లి పెట్టుకుని అస్థికలెట్టా పోత్తారండీ, కారిపోవా?"

"ఆ చిల్లి ఆత్మ పోవడానికి."

"ఆత్మకి చిల్లెందుకు గుమాస్తా బాబూ, పైన మూతి అంత ఉంటే!"

నీడలో కూర్చున్న వాళ్ళందరూ పడి పడి నవ్వారు. రిటైరైన ఆయన మాత్రం నవ్వలేదు. గుంటలోంచి పైకి వచ్చి, చేతులు దులుపుకుని, "నువ్వు తినడం కానియ్యమ్మా. ఆ తరవాత నాకు ఈ కుండ సంగతి చెప్పాలి" అన్నారు.

ఆవిడ తింటూనే చెప్పింది. మెరక మీద మామిడి మొక్క పెడితే పోసిన నీళ్ళు నిలవవు. అందుకని మొక్క పక్కన కుండ పాతి, అడుగున చిల్లి పెట్టి, కొబ్బరి పీచు దోపుతారు. కుండ నిండా ఒకసారి పోస్తే నాలుగైదు రోజులు తడి ఊరుతూనే ఉంటుంది. మూడు ఎండాకాలాలు అలా కాపాడితే మొక్క తన వేరు తాను చూసుకుంటుంది. కుండ మట్టిలోనే ఉండిపోతుంది.

"మా అత్త పోసింది ఈ తోటకి. కావిడి మోసి మోసి బుజం కాయగాసింది ఆవిడికి" అంది.

"మరి కుండ పక్కన చెట్టేది?" అన్నాను. నేను ఇంకా ఒప్పుకోలేదు.

"నా పెళ్ళికి ముందు గాలివాన వచ్చి మొదటేసిన చెట్లు పడిపోయినయ్యండీ. తరవాతేసినయ్యి ఈ సాళ్ళ మధ్యన ఏశారు. నమ్మకపోతే ఆ రెండో కుండ కాణ్ణించి తూరుపుకి ఇరవై మూరలు కొలవండి. ఇంకోటుంటది."

ఇరవై మూరలంటే ముప్పై అడుగులు. రిటైరైన ఆయన టేపు నా చేతికి ఇచ్చారు. కొలిచి మేకు కొట్టాం. సాయంత్రానికల్లా అక్కడ కుండ మూతి కనిపించింది. దాని మీద పెద్ద ఇటుక బోర్లా ఉంది. అడుగున చిల్లిలో పీచు ముక్క మట్టితో కలిసి గట్టిపడి ఉంది. ఆవిడ దాన్ని గోటితో లాగి నా అరచేతిలో పెట్టింది.

ఆ ఇటుకలు ఎక్కడివని రిటైరైన ఆయన అడిగితే, ఊరికి ఉత్తరాన ఉన్న దిబ్బ మీదివని చెప్పింది. కుండ మూతికి కప్పడానికి అందరూ అక్కణ్ణించే తెచ్చుకునేవాళ్ళట. ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి ఆ దిబ్బ చూసి వచ్చారు.

"ఇటుక విషయంలో మీరు చెప్పింది సరే. చాలా పాతది, కొలతా సరిపోయింది. ఆ దిబ్బ సంగతి నేను విడిగా రాస్తాను. కాలువ దాని దరిదాపులకు పోదు" అన్నారు నాతో. తరవాత అడిగారు, "నోటు రాసేముందు ఈ తోటలో పనిచేసేవాళ్ళని ఎవర్నైనా కనుక్కున్నారా?"

"లేదండీ."

నేను మామిడి ఊళ్ళో పుట్టినవాణ్ణే. చిన్నరసం ఏ చెట్టుదో రుచి చూసి చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి. మొక్క ఎలా బతుకుతుందో మాత్రం ఎవరినీ ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజే రిపోర్టు రాసిచ్చేస్తారేమోనని ఆశపడ్డాను. జాలరుల సంగతి చెప్పి బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. ఒక వరస నీళ్ళ కుండలైనంత మాత్రాన మిగిలినవన్నీ అవే కావాలని లేదనీ, ఒప్పుకున్న మేర అంతా చూడందే సంతకం పెట్టననీ అన్నారు. ఇంకో ఐదు రోజులు పట్టింది. ఇంకేమీ దొరకలేదు. అయితే బెజవాడ వెళ్ళి తీరిగ్గా రాసి పంపాల్సిన రిపోర్టును బడి వరండాలోనే కూర్చుని రాశారు. నేను పక్కన కూర్చుని మూడు నకళ్ళు తీశాను. కుండల పేరాలో ఆ తోట కూలీ ఆవిడ చెప్పినదంతా ఆవిడ చెప్పినట్టే పెట్టారు. ఆ కాగితాలు పట్టుకుని పరుగున వెళ్ళి బస్సు అందుకున్నాను. బీడీవో గారు అదే రోజు సంతకం పెట్టారు.

అప్పటికి మృగశిర కార్తె వచ్చేసింది. జాలరులే గునపాలు పట్టుకుని కాలువ తవ్వారు. కోతలు అయిపోవడంతో తోట కూలీలు కూడా వచ్చి మట్టి మోశారు. ఆరు తొట్లు కట్టాలి. కింది రెండు పూర్తయ్యేసరికి వాన మొదలైంది. ఎప్పుడూ చినుకులతో వచ్చేది, ఆ ఏడు కుండపోతగా వచ్చింది. మూడో రోజుకు చెరువు సగం నిండింది.

ఆ మూడో రోజునే జాలరి పెద్దాయన తమ్ముడు, ఇంకో ఇంటివాళ్ళు బండి కట్టుకున్నారు. వలలూ గిన్నెలూ కోళ్ళ గంపా అన్నీ బండి మీద ఉన్నాయి. నేను అక్కడే గొడుగు కింద కొలతల పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"రెండ్రోజులు ఆగరా" అన్నాడు పెద్దాయన.

"రెండ్రోజులు, రెండ్రోజులు అని ఎండాకాలమంతా ఆపావు. నువ్వు మెట్లు చూసుకుంటా కూకో అన్నయ్యా. నా పిల్లలు సిమెంటు తింటారా?" అన్నాడు తమ్ముడు. నా వైపు చూడలేదు. చూసి ఒక మాట అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. బండి హనుమాన్ జంక్షన్ దారి పట్టింది.

అలుగు పారిన రోజు ఆదివారం. తెల్లవారాక సైకిలు మీద వెళ్ళేసరికి నీళ్ళు గోడ మీద పల్చగా పొర్లుతున్నాయి. నాలుగు తొట్లు కట్టడం అయింది. పై రెండూ ఇంకా ఉత్త మట్టి గుంటలే, అవి కోసుకుపోకుండా ఇసుక బస్తాలు అడ్డం వేసి, నీళ్ళు వాటి పక్కనుంచి గండిలా వదిలారు. ఆ నీళ్ళకు చేపలు వచ్చేశాయి. ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి, పత్రికలో నేను చూసిన బొమ్మలాగే ఎగిరాయి. నాలుగో తొట్టి దగ్గర గండి వడికి ఎదురెక్కే దారి లేక అక్కడే కుప్పపడ్డాయి. నీళ్ళకంటే చేపలే ఎక్కువ కనిపించాయి.

జాలరుల్లో ఒకడు వల తెచ్చాడు. ఆ మందను చూస్తే ఎవరికైనా చెయ్యి ఆగదు.

"వల ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుద్ది!" అని పెద్దాయన అరిచాడు. "తట్టలు తెండి. గోనె తడిపి పరవండి. ఒక్కటీ ఒడ్డున పడకూడదు."

పుట్టింది మొదలు చేపలు పట్టడమే ఎరిగిన మనుషులు ఆ రోజు చేపలను ఎత్తి మోసుకెళ్ళి చెరువులో వదిలారు. మామిడికాయల తట్టలూ, తడి గోనెలూ, కుండలూ, చీర కొంగులూ ఏవి దొరికితే వాటితో. నాలుగో తొట్టి నుంచి గట్టు మీదుగా చెరువులోకి ముప్పై అడుగులు ఉంటుంది. తోట కూలీలు కూడా వచ్చారు. నేను పంచె ఎగ్గట్టి తొట్టిలో దిగాను. నా చేతిలోకి మూరెడు వాలుగ వచ్చింది. మీసాలు, వెండిలా మెరిసే పొట్ట. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, ఒక్క క్షణం అలాగే చూస్తూ నిలబడ్డాను.

"గుమాస్తా గారూ, అది ఏ కాలం నాటిదో తరవాత చూద్దురు గాని, ముందు తట్టలో ఎయ్యండి" అన్నాడు పెద్దాయన.

మధ్యాహ్నానికి వాగులో ఎక్కే చేప తగ్గింది. ఎన్ని వదిలామో తెలియదు, ఎవరూ లెక్క పెట్టలేదు. పై రెండు తొట్లూ నీళ్ళు తగ్గాక కట్టారు. ఆ చలికాలానికి చెరువులో వల వేశారు. తట్టలు మళ్ళీ నూజివీడు సంతకు వచ్చాయి. మరుసటి ఏడు చేపలు వాటంతట అవే ఆరు మెట్లూ ఎక్కాయి.

కొల్లేరు వెళ్ళిన రెండు ఇళ్ళవాళ్ళు తిరిగి రాలేదు. పని ఆగింది అయిదు వారాలు. ఆ అయిదు వారాలు ఆగకపోతే మెట్లు వానకు ముందే పూర్తయ్యేవి. ఇది వెయ్యి విధాల ఆలోచించి చూశాను, ఇంకోలా తేలలేదు. రెండేళ్ళ తరవాత ఒకసారి చెరువు గట్టు మీద పెద్దాయన కనిపిస్తే, మీ తమ్ముడు వెళ్ళిపోవడానికి నేనే కారణం బాబాయ్ అన్నాను.

"వాడక్కడ పడవ కొన్నాడండీ. ఇంక రాడు" అన్నాడాయన. తరవాత వాన మబ్బు వైపు చూసి, వలలు ఆరేసి ఉన్నాయి, తీసుకోవాలి అని గట్టు దిగి గబగబా వెళ్ళాడు. ఒక కొస పట్టుకుందామని నేనూ వెనకే దిగాను.